పులి ఇంటి ఆడపడుచు

ఆ రోజుల్లో మా ఊళ్ళో కాళ్ళూ చేతులూ ఆడే మగవాళ్ళంతా రంగం వెళ్ళేవారు. రంగం అంటే రంగూన్. విశాఖపట్నంలో ఓడెక్కి వెళ్ళి, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసి, నాలుగేళ్ళకోసారి మెడలో సిల్కు రుమాలూ చేతిలో గొడుగూ పెట్టుకుని తిరిగొచ్చి, పరదేశం గురించి కోతలు కోసేవారు. చిన్నమ్మలు అనే మా ఇంటి కోడలు మాత్రం ఓడెక్కలేదు. మా శృంగవరపుకోట పక్కనుంచే అనంతగిరి ఘాటీ ఎక్కి అరకు వెళ్ళింది. వెళ్ళేముందు వీధిలో నిలబడి, నేనూ పరదేశం పోతున్నానని చెప్పి మరీ వెళ్ళింది. ఊరు నవ్వింది. ఆలోచిస్తే అందులో నవ్వడానికేమీ లేదు. కొండమీద మాట వేరు, తిండి వేరు, చట్టం వేరు. రంగంలోనైతే వీధికి పదిమంది మనవాళ్ళు తగులుతారు. అరకులో ఆవిడకి తెలిసిన పురుగు కూడా లేదు.

చిన్నమ్మలు మా ముత్తాత వరహాలరావుకి తమ్ముడి పెళ్ళాం. పెళ్ళయిన మూడేళ్ళకి ఆ తమ్ముడు కలరాతో పోయాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆవిడ మా ఇంట్లో పాలు పితికింది, ధాన్యం దంచింది, పిండి విసిరింది, పదిహేనుమందికి పూటపూటా వండింది. మా ముత్తాత ఆవిణ్ణి ఏనాడూ పల్లెత్తు మాట అనలేదని మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అనాలంటే ముందు మనిషి కంటికి కనబడాలి కదా!

ఈ కథ మా ఇంట్లో చెప్పే తీరు ఒకటి, కొండమీద చెప్పే తీరు ఒకటి. నేను కొండమీదిదే నమ్ముతాను. అందులో మావాళ్ళు మరీ తెలివితక్కువవాళ్ళలా కనబడతారు, కాబట్టి అదే నిజమై ఉండాలి.

పంతొమ్మిదివందల ఇరవయ్యారు అనుకోండి. ఏజెన్సీలో పితూరీ, అదే కొండవాళ్ళ తిరుగుబాటు, చల్లారి రెండేళ్ళయింది. ఆ ఏడు అమ్మవారి జాతరలో చిన్నమ్మలు వేసిన పకోడీలు తిని ఊరంతా వేళ్ళు నాకింది. అది చూసి ఆవిడ, నేను దుకాణం పెట్టుకుంటానని తోడికోడలి చేత కబురు చెప్పించింది. మా ఇంటి ఆడది వీధిలో పొయ్యి పెట్టుకుంటే నా తలెక్కడ పెట్టుకోనని మా ముత్తాత గెంతాడు. ఈ ఊళ్ళో కాదు, పరదేశంలో పెట్టుకుంటానంది ఆవిడ. చూసేవాళ్ళు లేనిచోట పరువు పోదు. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. ఉగాదికి బండి కట్టుకుని వస్తాను, పొయ్యి వెలుగుతూ కనిపిస్తే నా దారిన నేను పోతాను, ఆరిపోయి కనిపించిందా, నోరెత్తకుండా బండెక్కి వచ్చి మన వంటింట్లో పడాలి అన్నాడు. ఆవిడ తలుపు వెనకనుంచి ఒప్పుకుంది. ఆ వంటింట్లోకి మళ్ళీ వెళ్ళడం కన్నా కొండజ్వరంతో చావడం మేలనుకుంది. ఈ మాట ఆవిడే తర్వాత చాలామందికి చెప్పింది.

తల్లి పెట్టిన వెండి కడియాలు అమ్మేసి ఒక పెద్ద ఇనప మూకుడు, చిల్లుల గరిటె, శనగపిండి, ఉల్లిపాయలు, నూనె కొంది. ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని కొండకి పోయే వర్తకుల వెంట రెండు రోజులు నడిచి శుక్రవారం సంతకి చేరింది.

సంతలో ఒక పక్క కొండవాళ్ళ పసుపు, పిప్పళ్ళు, అడ్డాకుల కట్టలు, జీలుగు కల్లు కుండలు. ఇంకో పక్క కిందనుంచి వచ్చిన ఉప్పు, ఎండుచేపలు, పూసల దండలు. రెంటికీ మధ్య ఆవిడ మూడు రాళ్ళు పెట్టి మూకుడెక్కించింది. మొదటి వాయ వాసనకే సంతలో సగం జనం వచ్చి చుట్టూ నిలబడ్డారు. లొట్టలు వేశారు. వంగి చూశారు. తర్వాత ఒక్కొక్కరే దగ్గరికొచ్చి ఒకటే ప్రశ్న వేశారు, నీ వంశమేటి అని. ఆవిడ ఇంటిపేరు చెప్పింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు. ఒక్క పకోడీ అమ్ముడుపోలేదు.

మూడు శుక్రవారాలు ఇదే వరస. మిగిలినవి ఉప్పు వర్తకులు తిన్నారు, వాళ్ళ తర్వాత కుక్కలు తిన్నాయి. నాలుగో శుక్రవారం పక్కన అడ్డాకులు అమ్ముకునే దేముడమ్మ ఇక చూడలేకపోయింది. దేముడమ్మకి అరవై ఏళ్ళుంటాయి, ముక్కుకి మూడు పోగులు, చేతిలో ఎప్పుడూ పొగచుట్ట.

"మేం పాములం. ఆ సోమన్నోలు పులులు. గెడ్డ అవతలోలు గద్దలు," అందావిడ. "పులింటి గుంటని పాములోడు సేసుకుంతాడు, పులోడు సేసుకోకూడదు. నివ్వెవులివో తెలకుండా నీ సేతిది ఎలా తింతాం? సెల్లివా, వొదినివా?"

సంగతేమిటంటే, కొండమీద ప్రతి వంశానికీ ఒక జంతువు మూలపురుషుడు. ఒకే జంతువు వాళ్ళంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మిగతా వాళ్ళంతా బావలు, వదినలు. లోయలో ఎవరు ఎదురైనా ఈ రెంటిలో ఏదో ఒకటి అయి తీరాలి, మూడో రకం మనిషి ఉండడు. చిన్నమ్మలే ఆ మూడో రకం. కొండవాళ్ళు ముట్టుకున్న నీళ్ళు మా కులంవాళ్ళు తాగరని మా ముత్తాత మీసం మెలేసేవాడు. మా చేతి పకోడీ వాళ్ళూ తినరని తెలిసినప్పుడు చిన్నమ్మలుకి ముందు ఒళ్ళు మండిందట, తర్వాత పొట్ట పట్టుకుని నవ్విందట.

నవ్వు ఆగాక బుర్ర పనిచేసింది. వంశం లేకపోతే తెచ్చుకుంటే పోలా! ఏ వంశమైతే బేరం బాగుంటుంది? తర్వాతి శుక్రవారం పొయ్యి వెలిగించకుండా కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరినీ అడిగింది. పులి అంటే ఒక చింతపిక్క, పాము అంటే ఒక పసుపుకొమ్ము, గద్ద అంటే ఒక గులకరాయి పక్కన పెట్టుకుంది. సాయంత్రానికి చింతపిక్కల కుప్ప అన్నిటికన్నా పెద్దదైంది. ఎక్కువమంది మనవాళ్ళయితే ఎక్కువ బేరం, ఇది కిందవూళ్ళ లెక్క. ఆవిడ పులి అవుదామని తేల్చుకుంది.

మర్నాడే పులి వంశం పెద్ద సోమన్న గుమ్మం ముందు కూర్చుని కల చెప్పింది. కలలోకి ఒక పెద్దపులి వచ్చిందట. పక్కన కూర్చుని పకోడీలు తిందట. నువ్వు మా పిల్లవే, దారి తప్పి కింద పుట్టావు అందట. సోమన్న నవ్వలేదు. చుట్ట ఆర్పి, తోక ఎటు తిప్పిందని అడిగాడు. కుడివైపుకని ఆవిడ తడుముకోకుండా చెప్పింది. ఎన్ని పకోడీలు తిందని అడిగాడు. తొమ్మిదంది. సోమన్న చాలాసేపు తలాడించి నలుగురు పెద్దల్ని పిలిపించాడు. అదంతా అబద్ధమని అక్కడున్నవాళ్ళలో ఒక్కరికీ అనుమానం లేదు, పులి పకోడీ తినదన్న సంగతి వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. కానీ పనిగట్టుకుని గుమ్మంలోకొచ్చి నన్ను మీలో కలుపుకోండని అడిగిన మనిషిని వద్దనడం వాళ్ళ మర్యాద కాదు. కోడిని కోశారు, జీలుగు కల్లు పోశారు, ఒకే ఆకులో అందరితో కలిపి తినిపించారు. విధవరాలైన మా ఇంటి కోడలు కోడికాలు కొరికి కల్లు తాగిందన్న ఈ ముక్క దగ్గర మా ఇంట్లో కథ ఆపేస్తారు. నేను ఆపను.

ఆ శుక్రవారం పులులు గుంపులుగా వచ్చారు. అడ్డాకులు పరుచుకుని కూర్చున్నారు. వాయమీద వాయ తిన్నారు. సోమన్న ఆవిడ తలమీద చెయ్యి వేసి దీవించాడు. తర్వాత అందరూ మూతులు తుడుచుకుని లేచి చక్కా పోతున్నారు. చిన్నమ్మలు పరుగెత్తి సుక్రు అనే తమ్ముడి వరస వాణ్ణి పట్టుకుని డబ్బులడిగింది.

సుక్రు నిజంగా నొచ్చుకున్నాడు. "తోడబుట్టినదాని ఇంట తిని డబ్బులిత్తారేటప్పా?"

పాములూ గద్దలూ మాత్రం లక్షణంగా కొనుక్కున్నారు. వాళ్ళు కొద్దిమందే. పైగా బావలూ వదినలూ కాబట్టి కొన్నది చేతికందేలోపల ఆవిడ పళ్ళెంలోంచి ఇంకో రెండు లాక్కుని పారిపోవడం వాళ్ళ హక్కు. ఏ వంశంలో మనుషులు తక్కువో ఆ వంశంలో చేరవలసిందని అప్పుడు తెలిసింది. ఆవిడ ఖాళీ మూకుడు ముందు కూలబడి, పులి జాతిని మూలపురుషుడితో సహా తిట్టింది. దేముడమ్మ నవ్వి నవ్వి ఆకుల కట్టల మీద పడిపోయింది. ఏం జరిగిందో వివరంగా మళ్ళీ చెప్పించుకుని మళ్ళీ నవ్వింది. అయ్యాక, వచ్చే వారం దాకా తిట్లు దాచుకో అంది.

వచ్చే వారం సుక్రు ముందొచ్చాడు, భుజాన పనసకాయతో. వెనకాల ఒకడు చోళ్ళ బుట్ట, ఒకడు పిప్పళ్ళు, ఒకడు తేనె, ఒకామె కోడిపెట్ట. ఆడపడుచు ఇంటికి మొదటిసారి ఒట్టి చేతులతో రావచ్చు, రెండోసారి రాకూడదు. మధ్యాహ్నానికి ఆవిడ పొయ్యి వెనకాల మనిషెత్తు కుప్ప పడింది. ఉప్పు వర్తకులు అవన్నీ తిరుగు ఎద్దుల మీద కిందకి పట్టుకుపోయి, బదులుగా శనగపిండీ నూనే తెచ్చిపడేసేవారు. ఇదేం వ్యాపారమో ఆవిడకి చివరిదాకా సరిగా బోధపడలేదు. నడిచింది, అంతే. మాఘమాసం నాటికి పులులు ఆవిడకి ఒక పాక కూడా వేసి పెట్టారు.

నోరు సరేసరి. మా ఇంట్లో పదకొండేళ్ళు దాచుకున్న మాటలన్నీ అక్కడ ఖర్చుపెట్టింది. పాములవాడెవడో వచ్చి, పులొదినా, ఇయ్యాల ఎవుల్ని తిన్నావని ఎగతాళి చేస్తే, పాములోల్నే, సన్నగుంతారు, నూనిలో బేగి ఏగుతారని తిప్పికొట్టేది. సంతకి ఉప్పు కోసం వచ్చేవాళ్ళు కొందరైతే ఆ మాటలు పడడానికి వచ్చేవాళ్ళు ఇంకొందరు.

ఇలా ఉండగా చైత్రం వచ్చింది. కొండమీద అది వేటమాసం, మగవాళ్ళందరి చేతుల్లోనూ విల్లంబులు ఉంటాయి. ఉగాది వెళ్ళిన మొదటి శుక్రవారం, ఆ రోజే మా ముత్తాత వస్తున్నట్టు ఉప్పు వర్తకుల చేత ముందే కబురొచ్చింది. చిన్నమ్మలు తెల్లవారేసరికి పెద్ద గంగాళం నిండా పిండి కలిపింది. మంట ఎంత ఎత్తు లేస్తే అంత ఎత్తు లేపింది. ఘాటీ మలుపు దగ్గరనుంచే బావగారికి పొగ కనిపించాలని పచ్చి కట్టెలు కూడా రెండు దూర్చింది.

రెండో వాయ మూకుట్లో ఉండగా డప్పులు వినిపించాయి. మైదానం నుంచి వేటకొచ్చిన జమీందారుగారి చుట్టమెవరో తుపాకీతో పులిని కొట్టాడు. నలుగురు కూలీలు దాన్ని కర్రకి కాళ్ళు కట్టి వేలాడదీసి, జనం చూడాలని సంత మధ్యలోంచి మోసుకుపోతున్నారు. ఆ పెద్దమనిషి టోపీ సర్దుకుంటూ వెనకాల నడుస్తున్నాడు. నాలుక వేలాడుతూ, తల ఊగుతూ పులి చిన్నమ్మలు పొయ్యి పక్కనుంచే వెళ్ళింది.

సంతలో పులి వంశం వాళ్ళంతా ఉన్నచోటే ఆగిపోయారు. సోమన్న తలపాగా విప్పి నేలమీద కూలబడి, పెద్దన్న పోయినవాడిలా గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఆడవాళ్ళు వండుకుంటున్న కుండలు దించి పక్క వాగులోకి, అదే వాళ్ళ గెడ్డలోకి, విసిరేస్తున్నారు. దేముడమ్మ చిన్నమ్మలు పక్కకొచ్చి మెల్లగా చెప్పింది. మూలపురుషుడి శవం కంటపడితే ఆ వంశానికి మైల. పొయ్యి మీదున్న పాత్ర పారెయ్యాలి, నిప్పు ఆర్పాలి, తలమీంచి నీళ్ళు పోసుకోవాలి, మూడు రోజులు పొయ్యి రాజెయ్యకూడదు. మూడో రోజున బావలు కొత్త కుండలు తెస్తారు.

కుండలు సరే, ఇనప మూకుడు ఎవరు తెస్తారు?

"నివ్వు కిందదానివి," అంది దేముడమ్మ. "సెయ్యకపోయినా ఎవులూ ఏటీ అనరు. మీ బావొత్తన్నాడు. పొయ్యి ఎలిగించుకో."

నిజమే, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎవరూ ఆవిడ వైపు చూడను కూడా లేదు. అదే ఆవిడకి కష్టమనిపించింది. పులి చచ్చినందుకు ఆవిడకి దుఃఖమేమీ రాలేదు, ఉన్నది చెప్పాలి. సోమన్నని చూస్తే వచ్చింది. తన మొగుడు పోయిననాడు మా ఇంట్లో ఏ రోజు మంచిది, ఎన్నో రోజున గాజులు తియ్యాలి, దోషానికి ఎవరికేం దానమివ్వాలని అందరూ తెగ మాట్లాడారు. ఇలా నేలమీద పడి ఏడ్చినవాళ్ళు మాత్రం లేరు. అబద్ధపు కల చెప్పి ఈ మనిషి ఆకులో అన్నం తిన్నానని అప్పుడు సిగ్గేసింది. దుకాణం పోతుందని భయమూ వేసింది.

అయినా కట్టెలు లాగేసింది. నిప్పులమీద కడవెడు నీళ్ళు కుమ్మరించింది. గుడ్డలతో చెవులు పట్టుకుని మూకుడు దించి, నూనె గోతిలో వంచి, ఒక్కతే మోసుకుంటూ గెడ్డ దాకా వెళ్ళి లోతు చూసి మరీ విసిరింది. కట్టుకున్న చీరతోనే నీళ్ళలో మునిగింది.

ఆవిడ ఒళ్ళంతా నీళ్ళోడుతూ గట్టెక్కేసరికి మా ముత్తాత బండి దిగుతున్నాడు. పొయ్యి రాళ్ళు చూశాడు. తడి బూడిద చూశాడు. ఆయన మొహం వెలిగింది. దుకాణం కట్టేసినట్టే ఉంది, మంచిపని చేశావు, బండెక్కు అన్నాడు.

"ఈ బాబెవులు?" అని సోమన్న అడిగాడు.

మా పెద్దబావ, నన్ను తీసుకుపోవడానికి వచ్చాడని చిన్నమ్మలు చెప్పింది.

సోమన్న కళ్ళు తుడుచుకుని, లేచి వచ్చి మా ముత్తాతని పైనుంచి కిందకి చూశాడు. "మా గుంటకి ఓలి కట్టేరా?"

ఓలి అంటే మగపెళ్ళివారు పిల్ల పుట్టింటికి ఇచ్చుకోవలసినది. అలాంటివి తమలో లేవని, పద్నాలుగేళ్ళ కింద శాస్త్రోక్తంగా తాళి కట్టించి తెచ్చుకున్నామని మా ముత్తాత గంభీరంగా చెప్పాడు.

"ఊరికినే అట్టుకుపోయేరన్నమాట," అన్నాడు సోమన్న. "పోన్లే బాబూ, అదీ ఓ పెళ్ళే. మా కుర్రోళ్ళూ సంతలో గుంటల్ని ఎత్తుకుపోతారు. ఆనక ఒచ్చి ఓలి కట్టుకుంతారు. మీకు పద్నాలుగేళ్ళు ఆలీసమైంది, అంతే కదా. రెండు దున్నలు, ఓ కల్లు కుండ, తల్లికో కోక. ఇయ్యాల సావింట్లో ఉన్నాం గనక పైన ఓ మేక. అవి తోలుకొచ్చి మా గుంటని తీసుకుపో."

మా ముత్తాత నవ్వబోయి చుట్టూ చూశాడు. ఎటు చూసినా విల్లంబులు పట్టుకున్న మనుషులు నవ్వకుండా నిలబడి ఉన్నారు. పితూరీ తర్వాత మా వైపు పెద్దమనుషులకి బాణం కలలో కనిపించినా చెమటలు పట్టేవి. అది వేటమాసమని, ఆ బాణాలు కుందేళ్ళ కోసమని ఆయనకి తెలియదు. అక్కడున్నవాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు, దేముడమ్మతో సహా.

ఆయన గొంతు తగ్గించి, మాటంటే మాటే, పొయ్యి ఆరిపోయింది కదా, నువ్వైనా వీళ్ళకి నచ్చజెప్పమని మరదల్ని బతిమాలాడు. పద్నాలుగేళ్ళలో ఆవిడ ఆయన ఎదుటపడి నోరు విప్పింది లేదు. ఆ రోజు నెత్తిమీది తడి కొంగు తీసి పిండుకుని, సోమన్న పక్కన వెళ్ళి నిలబడింది.

"రెండేటన్నా," అంది. "పద్నాలుగేళ్ళు పదిహేనుమందికి వొండేను. నాలుగడుగు."

సోమన్న ఒక్క క్షణం ఆలోచించి, నిజమే, నాలుగు అన్నాడు.

మా ముత్తాత బండి ఎలా వచ్చిందో అలాగే ఖాళీగా దిగింది. ఇంటికొచ్చి ఆయన చెప్పిందల్లా, కొండమీద జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి, మనవాళ్ళెవరూ అటు పోవద్దని. దున్నలు మా ఇంటినుంచి ఇంతవరకూ వెళ్ళలేదు. చిన్నమ్మలు అక్కడే ఇరవయ్యేళ్ళు మట్టి మూకుళ్ళలో పకోడీలు వేసింది. అవి నెలకొకటి పగిలేవి, బావల వాటాగా పాములవాళ్ళు సణుక్కుంటూ కొత్తది తెచ్చేవారు.

పులి పోయిన ఆ మూడు మైల రోజులూ ఆవిడ పులి ఇంటి ఆడవాళ్ళతో కలిసి సోమన్న వాకిట్లో జుట్టు విరబోసుకుని కూర్చుంది. అందరూ ఏడుస్తుంటే ఆవిడకి మాత్రం ఉండి ఉండి నవ్వొచ్చేది. నాలుగు దున్నలు, నాలుగు దున్నలు అని తనలో తనే గొణుక్కుని కొంగు నోట్లో కుక్కుకునేది. పలకరింపుకొచ్చిన దేముడమ్మ అది చూసి, చావింట్లో నవ్వేటే అని తొడ మీద గట్టిగా గిల్లింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఎంతకీ ఆగలేదు. ఎందుకో ఎవరూ అడగలేదు, జరిగి చోటిచ్చారు.